నీడ పడిన దిక్కు

"ఒక వ్యక్తి ఉదయం పూట నిలబడి ఉన్నాడు. అతని నీడ సరిగ్గా అతని కుడి వైపు పడింది. అయితే అతను ఏ దిక్కుకు మొహం పెట్టి ఉన్నాడు?"

సిద్దిపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఏడేళ్లుగా రీజనింగ్ చెబుతున్నాను. కానిస్టేబుల్ పరీక్షకూ గ్రూప్స్‌కూ చదివేవాళ్లు మా దగ్గరికి వస్తారు. ఈ లెక్క ఎన్ని వందల సార్లు బోర్డు మీద వేశానో నాకే తెలియదు. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి నీడ పడమరకు పడుతుంది. పడమర కుడిచేతి వైపు వచ్చిందంటే మనిషి దక్షిణం చూస్తున్నట్టు. నిద్రలో లేపి అడిగినా చెబుతానని క్లాసులో గొప్పలు పోయేదాన్ని. ఇరవై సెకన్ల కంటే ఎక్కువ తీసుకున్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

నిజానికి మా ఇంట్లో కుడి ఎడమలు లేవు. మాది కొమురవెల్లికి దగ్గరలో ఒక చిన్న ఊరు. నాయిన తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాడు. ఆయనకూ, మేం అవ్వ అని పిలిచే అమ్మకూ ఏది చెప్పాలన్నా దిక్కులతోనే చెప్పడం అలవాటు. "ఆ తూర్పు దిక్కు గిన్నె ఇటియ్యి" అంటుంది అవ్వ. మంచంలో పక్కకు జరగమనాలన్నా "ఉత్తరం దిక్కు జరుగు" అనే అంటుంది. కుడి అనే మాట మా ఇంట్లో అన్నం తినే చేతికీ, చెప్పులు తారుమారు వేసుకున్నప్పుడూ తప్ప అవసరం పడేది కాదు. నాయిన తన చెట్లను కూడా అలాగే చెప్పేవాడు, ఉత్తరపు గట్టు మీద మూడోది, పడమటి మూల వంకరది అని. పొద్దున చెట్టెక్కేటప్పుడు ఎండ వీపుకు తగిలేలా చూసుకుని ఎక్కేవాడు, కళ్లలో పడకుండా.

బడిలో డ్రిల్లు పీరియడ్‌లో సారు "కుడి పక్క తిరుగు" అంటే నేనొక్కదాన్నే ఎడమకు తిరిగి తన్నులు తిన్నాను. ఆ రోజు నుంచి పట్టుదల వచ్చింది. దిక్కుల్ని కుడి ఎడమలుగా మార్చడం అంత బాగా నేర్చుకున్నాను కాబట్టే అదే నాకు అన్నం పెడుతోంది. నాయిన ఎప్పుడైనా సిద్దిపేట వస్తే క్లాసు బయట బెంచీ మీద కూర్చుని వినేవాడు. "రాముడు ఉత్తరానికి మూడు కిలోమీటర్లు నడిచి, కుడికి తిరిగి నాలుగు కిలోమీటర్లు నడిచాడు" అని నేను చెబుతుంటే విని, నేను బయటికి వచ్చాక అడిగేవాడు: "ఆ రాముడు ఎటు పోతున్నడో ఎవలనన్న అడగొచ్చు గద బిడ్డా?"

క్లాసులో నాకు రెండు కట్టుబాట్లుండేవి. కాగితం మీద ప్లస్ గుర్తు గీయాలి, పైన ఉత్తరం, కింద దక్షిణం, కుడి పక్కన తూర్పు, ఎడమ పక్కన పడమర. అది ఒకటి. రెండోది, కాగితాన్ని తిప్పకూడదు, మనిషి తిరగకూడదు. పరీక్ష హాల్లో అటూ ఇటూ తిరిగితే కాపీ కొడుతున్నారని పేపర్ లాక్కుంటారు. ఇది అందరూ పాటించేవారు, ఒక్కామె తప్ప.

ఆమె నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరు పిల్లల తల్లి, చేనేత ఇంటి కోడలు, పెళ్లయిన పన్నెండేళ్లకు మళ్లీ పుస్తకం పట్టింది. దిక్కుల లెక్క వస్తే చాలు, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నడుము తిప్పేది. ఒక్కోసారి లేచి నిలబడి, చెయ్యి చాచి, గోడ దిక్కు తిరిగి మళ్లీ కూర్చునేది. ఒకరోజు నాకు విసుగొచ్చి అందరి ముందూ అన్నాను. "అక్కా, రీజనింగ్ చేస్తున్నరా, బతుకమ్మ ఆడుతున్నరా?" క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత లేవడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

జాతర రోజుల్లో ఒక ఆదివారం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న దగ్గరికి జనం వస్తూనే ఉంటారు, ఆదివారాలైతే మరీ ఎక్కువ. మా ఊళ్లో సగం మంది అక్కడే కొబ్బరికాయలో, బొమ్మలో, చాయో అమ్ముకుంటుంటారు. మిగతావాళ్లు మొక్కులకు పోతారు. కల్లుకు కూడా ఆ రోజుల్లోనే గిరాకీ. అందుకని నాయిన తెల్లవారుతూనే తాళ్ల దగ్గరికి పోతాడు, అవ్వ వెనకాల సద్ది పట్టుకుని పోతుంది. నేను ఆ పొద్దున సెంటర్లో మోడల్ టెస్టు పెట్టాను. నలభై మంది తలలు వంచుకుని రాస్తున్నారు. ఎనిమిది దాటి ఇరవై నిమిషాలకు అవ్వ ఫోన్ వచ్చింది.

"బిడ్డా, నాయిన పడ్డడు" అంది. గొంతులో ఏడుపు లేదు, అందుకే ఇంకా భయమేసింది. "చెట్టెక్కే మోకు జారింది. నడుముకున్న కత్తి మోకాలు వెనక దిగింది. నెత్తురు ఆగుతలేదు. చీర చింపి కట్టిన."

"నాయిన మాట్లాడుతుండా?"

"మాట్లాడుతుండు. ఎవరన్న ఉన్నరా అంటె ఎవరు లేరు బిడ్డా, అందరు జాతరకు పోయిన్రు. నేను ఇడిచిపెట్టి రోడ్డు మీదికి రాలేను, ఒత్తి పట్టుకోకపోతె మల్ల కారుతుంది."

అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. దగ్గరున్న బండి జాతర దగ్గర జనంలో చిక్కుకుందట. కుకునూరుపల్లి దగ్గర రాజీవ్ రహదారి మీద ఉన్న ఇంకో బండిని పంపుతున్నామన్నారు. డ్రైవరు నాకు ఫోన్ చేశాడు, మా వైపు ఎప్పుడూ రానివాడు. నేనూ నా బండెక్కి బయల్దేరుదామని చెప్పులు కూడా వేసుకున్నాను. కానీ దారిలో సిగ్నల్ పోతే అతనికి దారి చెప్పేదెవరు? ఎలాగూ నాయినను సిద్దిపేట దవాఖానకే తేవాలి. అక్కడే ఉండి ఫోన్ పట్టుకోవడమే మంచిదని నిలబడిపోయాను. ఆ నిర్ణయం సరైనదే. తప్పు తర్వాత చేశాను.

అవ్వను అడిగి తాళ్ల జాగ ఎక్కడో మళ్లీ తెలుసుకున్నాను. కొత్త కాలువ తవ్విన తర్వాత పాత బండ్లబాట తెగిపోయింది. నేను అటు పోక రెండేళ్లయింది. "కాలువ గట్టు పట్టుకొని పడమటి దిక్కు వస్తె మన తాళ్లే అగుపిస్తయి" అంది అవ్వ. దాన్నే డ్రైవరుకు చెప్పాను.

"మేడం, నాకు తూర్పు పడమర చెప్పకుండ్రి. కుడి ఎడమ చెప్పుండ్రి" అన్నాడతను. "ఫోన్ల మ్యాపు ఆగిపోయింది. ఎన్ని మలుపులు తిరిగిన్నో యాదిలేదు. ఎదురుంగ కాలువ అడ్డమొచ్చింది. గట్టు మీద మట్టిరోడ్డు అటొకటి ఇటొకటి పోతుంది. ఎటు మల్లాలె?"

అడగడానికి అక్కడ మనిషి లేడు. రాయి లేదు, బోర్డు లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో మిగిలిపోయిన ప్రశ్నపత్రం ఉంది. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో లోపల ఎక్కడో కొంచెం గర్వం కూడా కలిగింది. ఇది నాకు వచ్చిన లెక్క.

"అన్నా, బండి దిగుండ్రి. బండి ఎటు మొఖం పెట్టి ఉన్నదో మీరు గూడ అటే మొఖం పెట్టి నిలవడుండ్రి. మీ నీడ ఏ పక్క పడుతుంది?"

"కుడి పక్క."

దక్షిణం. ప్రశ్నపత్రం వెనక ప్లస్ గుర్తు గీశాను. బండి దక్షిణం చూస్తోంది కాబట్టి కిందికి ఒక బాణం వేశాను. పోవాల్సింది పడమరకు. బాణం కొస నుంచి పడమర వైపు, అంటే కాగితం మీద ఎడమ పక్కకు, ఇంకో గీత గీశాను. పది సెకన్లు కూడా పట్టలేదు.

"ఎడమకు మల్లుండ్రి" అన్నాను. "సైరన్ బందు పెట్టకుండ్రి. మా అవ్వకు వినవడాలె."

"సరే మేడం" అన్నాడు. బండి స్టార్టయిన చప్పుడు, దాని మీద సైరన్, రెండూ నా చెవిలో పడ్డాయి. ఇంక రెండు నిమిషాలు, మహా అయితే మూడు, అనుకున్నాను.

ఫోన్లో టిక్ టిక్‌మని ఇంకో కాల్ వస్తున్న చప్పుడు. చూస్తే అవ్వ. డ్రైవరు లైను పోతుందని ఎత్తలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఎత్తలేదు. అవ్వ కంగారులో చేస్తోంది, బండి చేరితే తనే ఊరుకుంటుంది అనుకున్నాను.

"మేడం, ఇంకెంత దూరం? తాళ్లు ఏం అగుపిస్తలెవ్వు."

"ముందుకు పోండి. వస్తయి."

"రోడ్డు మంచిగ లేదు. ఎండ సక్కగ కండ్లల్ల కొడుతుంది, ముందటిది ఏం కనిపిస్తలేదు."

ఆ మాట విన్నాను. విన్నాక కాగితం చూశాను. కాగితం మీద గీత పడమరకే పోతోంది. తొమ్మిది కూడా కాని పొద్దులో పడమరకు పోయే మనిషి కళ్లలో ఎండ ఎలా కొడుతుంది? నేనేం చేశానో తెలుసా? కాగితాన్ని నమ్మాను. అతనికి అద్దం మీద వెలుగు పడి అలా అనిపిస్తోందనుకున్నాను. "కాదన్నా, మీరు సరిగ్గనే పోతున్నరు, పోండి" అన్నాను. ఏడేళ్లుగా క్లాసులో తప్పు చేయని మనిషిని. సూర్యుడే తప్పు చేశాడనుకోవడానికి నాకు ఎక్కువ కష్టం కాలేదు.

నా గొంతు పెరిగినట్టుంది. టెస్టు రాసేవాళ్లు తలెత్తి చూస్తున్నారు. అవ్వ కాల్ మళ్లీ టిక్ టిక్ అంటోంది. అప్పుడు మూడో వరుసలో ఆమె లేచింది, నేను బతుకమ్మ అని నవ్వులపాలు చేసిన ఆమె. పెన్ను బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు. మా క్లాసు గదికి దక్షిణం వెనక గోడ వైపు ఉంటుంది. ఆమె వెనక్కి తిరిగి, ఆ గోడకు మొహం పెట్టి నిలబడింది. కుడి చెయ్యి చాచింది. చాచిన చెయ్యి పడమటి కిటికీ వైపు, అంటే నా వైపు, చూపిస్తోంది.

"మేడం" అంది మెల్లగా, "దక్షిణం దిక్కు మొఖం పెడితె పడమర కుడిచేతికి వస్తది. ఎడమకు గాదు."

కాగితాన్ని తలకిందులు చేసి చూశాను. నేను ఏడేళ్లుగా చెయ్యొద్దని చెప్పిన పని. బాణం పైకి వచ్చింది, పడమర కుడికి వచ్చింది. చిన్న పిల్లలు చేసే తప్పు. కాగితానికి ఎడమ ఏదో అదే మనిషికి ఎడమ అనుకున్నాను. అసలు అంత లెక్క కూడా అక్కర్లేదు. పొద్దున పూట నీడ ఎటు పడితే అటే పడమర. నీ నీడ పడిన దిక్కు పో అంటే అయిపోయేది. అవ్వయితే అదే చెప్పేది.

"అన్నా, ఆపుండ్రి. తప్పు చెప్పిన. వెనకకు మల్లుండ్రి."

"ఈడ బండి తిరగది మేడం" అన్నాడు. "ఒక పక్క కాలువ, ఒక పక్క గుంత. కల్వర్టు వచ్చేదాక పోవాలె."

కల్వర్టు ఇంకా చాలా ముందుంది. అక్కడి దాకా పోయి, తిప్పుకుని, పోయిన దారంతా ఆ గుంతల్లో మళ్లీ రావాలి. పుస్తకంలో అయితే ఈ లెక్క ఎంత తేలికో. ఒకడు తూర్పుకు రెండు కిలోమీటర్లు పోయి, మళ్లీ పడమరకు రెండు కిలోమీటర్లు వస్తే బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరంలో ఉన్నాడు? సున్నా. ఆ లెక్కల్లో ఎవరి నెత్తురూ కారదు కాబట్టి సున్నా. గడియారం చూస్తూ నిలబడ్డాను. అతను మళ్లీ అదే మలుపు దగ్గరికి వచ్చి "ఇప్పుడు సక్కగనే పోవాల్న మేడం?" అని అడిగేసరికి ఇరవై మూడు నిమిషాలు పోయాయి. "సక్కగనే" అన్నాను. ఈసారి చెప్పేముందు నేను కూడా వెనక గోడ వైపు తిరిగి నిలబడి, చెయ్యి చాచి చూసుకున్నాను. నలభై మందిలో ఎవరూ నవ్వలేదు.

సిద్దిపేట దవాఖాన గేటు దగ్గర బండి తలుపు తెరిచినప్పుడు అవ్వ రెండు చేతులూ ఇంకా నాయిన కాలు చుట్టూ ఉన్నాయి. విడిపించడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. నాయిన కళ్లు మూసుకుని ఉన్నాడు, పెదాలు తెల్లబడ్డాయి. డ్రైవరు నా గొంతు గుర్తుపట్టి నా వైపు చూసి, స్ట్రెచర్ ఒక పక్క పట్టుకున్నాడు. అతను తిట్టినా బాగుండేది.

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు, మోకాలు దగ్గర తీసేశారు. డాక్టరమ్మను ఒంటరిగా పట్టుకుని అడిగాను, ఇరవై మూడు నిమిషాలు ముందు తెచ్చి ఉంటే కాలు ఉండేదా అని. ఆమె నా మొహం వైపు చూసి, "ఉండేదని చెప్పలేను, పోయేదనీ చెప్పలేనమ్మా" అంది. నన్ను ఓదార్చడానికి అలా అందో, నిజంగానే తెలియకో, నాకు ఇప్పటికీ తెలియదు. ఇలా సరైన సమాధానం లేని లెక్క నా చేతికి అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఫోన్లో అవ్వ మిస్డ్ కాల్స్ ఏడు ఉన్నాయి. వాటిని చెరపలేకపోయాను.

సెంటర్‌కు తిరిగి పోయిన రోజు మొదట చేసిన పని ఆమెకు అందరి ముందూ క్షమాపణ చెప్పడం. "మేడం, అంత మాటెందుకు" అని ఆమె తల దించుకుంది. తర్వాత దిక్కుల లెక్క వేసి, అందర్నీ లేచి నిలబడమన్నాను. ఉత్తరానికి పోయేవాళ్లు ఉత్తరానికి తిరగండి, కుడికంటే కుడిచెయ్యి చాచండి. నలభై మంది బెంచీల మధ్య తిరుగుతుంటే గది చిన్నదైపోయింది. పరీక్ష హాల్లో తిరగలేరు కదా అని ఒకతను అడిగాడు. ఇక్కడ తిరిగితే అక్కడ మనసులో తిరుగుతారని చెప్పాను. అది నిజమో కాదో తెలియదు, కానీ ఇంకోలా చెప్పడం ఇక నా వల్ల కాలేదు.

నాయినకు మాత్రం చెప్పలేదు. అవ్వకూ చెప్పలేదు. బండి ఆలస్యంగా ఎందుకొచ్చిందని వాళ్లు అడగలేదు. జాతర రద్దీ అనుకున్నారేమోనని నేనూ ఊరుకున్నాను. నాలుగు నెలలు అలా గడిచాయి. ప్రతి ఆదివారం ఊరికి పోయేదాన్ని. నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, తాళ్ల వైపు చూస్తుండేవాడు. ఆయన చెట్లను ఇప్పుడు వేరేవాళ్లు గీస్తున్నారు. పడమటి మూల వంకర చెట్టును వాళ్లు సరిగ్గా గీయడం లేదని చెప్పేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఇక ఆగలేకపోయాను. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. నేను నాయిన మంచం పక్కన కింద కూర్చున్నాను.

"నాయినా, ఆ రోజు బండి ఆలస్యమైంది రద్దీతోని గాదు. డ్రైవర్‌కు దారి నేనే తప్పు చెప్పిన. పడమరకు పంపాల్సింది తూర్పుకు పంపిన."

నాయిన తాళ్ల వైపు నుంచి మొహం తిప్పలేదు.

"ఎరికే బిడ్డా" అన్నాడు.

నేను తలెత్తి ఆయన వైపు చూశాను.

"సైరన్ వినవడ్డది గద. దగ్గర్కి వచ్చింది, కాలువ కాడ ఆగింది, మల్ల తూర్పు దిక్కు పోయింది. దూరమైతుంటె విన్న." ఆయన కర్రను కొంచెం పక్కకు జరుపుకున్నాడు. "మీ అవ్వ ఆగమైంది. బండి అటు పోతుంది, బిడ్డకు చెప్తా అని ఒక చేత్తోని ఫోన్ కొడుతనే ఉన్నది. నేనే వద్దన్న. ఇడిసిపెట్టు, కాలు ఒత్తి పట్టుకో, పోయిన బండి మల్లొస్తది, దారి చెప్పేది మన బిడ్డనే గద అన్న."